వరహాలమ్మ గుప్పెడు

ముందుగా ఒక మాట. మా ఆయన పోయిన మరుసటి ఏడు, యాభై తొమ్మిదో ఏట పలక పట్టుకున్నదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ ఇంకా నా మాట పూర్తిగా వినవు. రోజుకు అర పేజీ రాస్తే ఆ రోజుకు అదే ఎక్కువ. ఈ కథకు వానాకాలం మొత్తం పట్టింది. అక్షరం వంకరగా ఉన్నచోట పెద్ద మనసుతో దిద్దుకుని చదవండి. కథను మటుకు వంకర లేకుండానే చెబుతాను.

వరహాలమ్మ వంట చేసిన నగరం సముద్రం ఒడ్డున ఉంది. పేరు రాయను. అక్కడి అధికారులు ఇంకా ఉద్యోగాల్లోనే ఉన్నారు. ఆ నగరంలో ఓడలు కట్టే రేవు ఒకటి ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లిన వెల్డర్లూ ఫిట్టర్లూ అరవై మంది ఆ రేవు పక్కన క్యాంపులో ఉండేవారు. క్యాంపుకొక మెస్సు, మెస్సుకు వరహాలమ్మ. యాభై ఆరేళ్ల పొట్టి మనిషి. నోరు విప్పే ముందు గరిటె ఊపడం అలవాటు.

ఆ ఊళ్లో మన తిండి సరుకు దొరకదని మొదట్లో అందరూ అనుకున్నారు. దొరకక కాదు, ఎక్కడ వెతకాలో తెలియక. కందులు ఎక్కడ దొరికాయంటే, పెంపుడు పావురాలకు మేత అమ్మే కొట్లో. నెలకు రెండు బస్తాలు పట్టుకెళ్లే వరహాలమ్మకు ఎన్ని వేల పావురాలున్నాయో అని ఆ కొట్టతను చాలాకాలం ఆశ్చర్యపోయాడు. చింతపండు మందుల షాపులో దొరికింది, విరేచనం సాఫీగా అయ్యే మందుల వరసలో. రోజుకు ముప్పావు కిలో కావాలంటే మందుల షాపు అమ్మాయి జాలిపడి డాక్టరు చిరునామా రాసి ఇచ్చింది.

గోంగూర మాత్రం ఏడాదిన్నర దొరకలేదు. ఒకరోజు ఊరి బయట ఇద్రిస్ అనే తోటమాలి మేకల దొడ్డి పక్కనుంచి నడుస్తూ వరహాలమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒక మేక ఎర్రకాడ ఆకు తీరిగ్గా నములుతోంది. ఆవిడ వంగి మేక నోట్లోంచి సగం ఆకు లాగి తన నోట్లో వేసుకుంది. మేకకూ ఆవిడకూ మధ్య కాసేపు తగువు నడిచింది. ఇద్రిస్ వాళ్ల దేశంలో ఆ మొక్కను కాయ చుట్టూ ఉండే ఎర్ర రేకులతో షర్బత్తు చేసుకోవడానికి పెంచుతారట. ఆకులు మేకలకు. ఆ రోజు నుంచి మేకలకు వేరే మేత వెతుక్కోవలసి వచ్చింది.

మొదటిసారి గోంగూర పప్పు వండిన రోజు క్యాంపులో గిన్నె అడుగు కూడా మిగల్లేదు. చివరికి పైడిరాజు చెయ్యి నాక్కుంటూ, "అత్తా, ఈ ఏడు నాను సెలవు పెట్టను. ఊరెల్లి ఏటి సేస్తాను" అన్నాడు. పైడిరాజు వెల్డర్ల మేస్త్రీ. వరహాలమ్మకు చుట్టం కాడు. ఆకలేసిన ప్రతివాడూ ఆవిడను అత్తా అనే పిలిచేవాడు.

అంతా బాగా జరుగుతూ ఉండగా ఆ నగర సభకు ప్రజల మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

నగరంలో సగం మంది పరాయి దేశాల వాళ్లే కదా, వాళ్లకు ఇంటి మీద బెంగ ఉంటుంది కదా, అందుకని ఆ ఏడాదిని 'ఇంటి రుచుల సంవత్సరం' అని ప్రకటించారు. ప్రతి పరదేశికీ ప్రతి పూటా ఇంటి రుచి అందాలి. అందుతోందని హామీ ఉండాలి. హామీ ఉండాలంటే కొలత ఉండాలి. కొలత కోసం రుచి ప్రమాణాల శాఖ పెట్టారు. ముందు భవనం కట్టారు, తర్వాత పద్నాలుగు కుర్చీలు వేశారు, ఆ తర్వాత కుర్చీల్లో కూర్చున్నవాళ్లు నిబంధనలు రాశారు. నాలుగో నిబంధన ప్రకారం ప్రతి వంటింటి గోడ మీదా ప్రతి వంటకానికీ పడే సరుకులు గ్రాముల్లో రాసి వేలాడదీయాలి. లేకపోతే వంటిల్లు మూసేస్తారు, అందులో తినేవాళ్లు కంపెనీ క్యాంటీన్లో తినాలి. క్యాంటీన్లో ఉప్పులేని ఉడకబెట్టిన గింజలు, ఒక రకం రొట్టె పెట్టేవారు. ఆ రొట్టెను గ్యాసు మంటతో తప్ప కోయలేమని వెల్డర్లు చెప్పుకునేవారు.

నెల తిరక్కుండానే శాఖాధిపతి స్వయంగా మెస్సుకు వచ్చాడు. పొడుగాటి మనిషి. వెంట దుబాసీ వీరాసామి గారు. వీరాసామి గారి ముత్తాత ఎప్పుడో చెరకు తోటల ద్వీపానికి కూలికి వెళ్లాడు. ఈయన అక్కడే పుట్టి, తాతగారి పెట్టెలో దొరికిన పాత వ్యాకరణం పుస్తకం చదివి తెలుగు నేర్చుకున్నాడు. తెలుగు దేశంలో పుట్టిన మనిషితో మాట్లాడటం ఆయనకు అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మా, ఈ శాకమునందు లవణము ఎంత పరిమాణమున వేయుదురు?"

వరహాలమ్మ పైడిరాజు వైపు తిరిగింది. "ఏటంటాడీయన? పెళ్లి సేయించడానికొచ్చాడేటి?"

"ఉప్పెంతేస్తావని అడుగుతున్నాడత్తా."

"గుప్పెడు."

ఆ మాట శాఖాధిపతి దగ్గరికి వెళ్లి తిరిగొచ్చింది. "ఎవరి గుప్పెడు అని అయ్యవారు అడుగుచున్నారు."

"నాదే. పక్కింటామె గుప్పెడు నాకెందుకు."

"గుప్పెడనగా ఎన్ని గ్రాములు?"

"గుప్పెడంటే గుప్పెడే నాయనా."

"పోనిండు. నూనె?"

"మునిగీ మునగనట్టు."

"మిరప చూర్ణము?"

"తగినంత."

"ఎంతసేపు ఉడికింపవలెను?"

"ఉడికేదాకా."

శాఖాధిపతి కాగితాలు మడిచాడు. వీరాసామి గారు తల వంచుకుని, "ఈ పాకశాలను మూసివేయుట తప్ప అన్యమార్గము కానరాదని అయ్యవారి అభిప్రాయము" అన్నారు.

అప్పటికి పన్నెండున్నర అయింది. అరవై మంది బల్లల ముందు కూర్చుని పళ్లేలు వాయిస్తున్నారు. పొయ్యి మీద ఉల్లిపాయలు ఎర్రబడుతున్నాయి. పైడిరాజు ముందుకొచ్చాడు.

"సారూ, మూసేద్దురు గాని. ఒక్కసారి ఆ గుప్పెడు తూసి సూడండి."

శాఖాధిపతి దగ్గర చిన్న తూకం యంత్రం ఉంది, వెంట్రుకను కూడా తూచేది. వరహాలమ్మ ఉల్లిపాయల మీదనుంచి చూపు తిప్పకుండానే డబ్బాలో చెయ్యి పెట్టి ఉప్పు తీసి దాని మీద పోసింది. అరవై ఒక్క గ్రాములు. మళ్లీ పోయమన్నారు. అరవై ఒకటి. మూడోసారీ అరవై ఒకటి.

శాఖాధిపతి పక్కనే ఉన్న బియ్యం బస్తా మీద కూర్చున్నాడు. ఆ అంకె మూడుసార్లూ రాసుకుని, అప్పుడు మాట్లాడాడు. వీరాసామి గారు తెలుగు చేశారు: "పొడవును కొలుచుటకు ఒక కడ్డీ కలదు. బరువునకు ఒక గుండు కలదు. ఇంటి రుచికి ఇంతవరకు ఏ ఆధారమూ లేకపోయెను. మా శాఖకు భవనము కలదు, కుర్చీలు కలవు, ప్రమాణము మాత్రము లేదు. అది నేడు దొరికినది."

మూడో రోజు ఉత్తర్వు వచ్చింది. వీరాసామి గారు మెస్సులో బల్ల మీద నిలబడి చదివారు. "వరహాలమ్మ గారి కుడి హస్తము నేటినుండి ఈ నగరమునకు మూలప్రమాణముగా ప్రకటింపబడినది. ఈ పాకశాలకు శాశ్వతానుమతి ఇవ్వబడినది."

పళ్లేలు మోగిపోయాయి. ఎవరో వరహాలమ్మ మెడలో గోంగూర దండ వేశారు. అందరూ చల్లబడ్డాక వీరాసామి గారు కాగితం రెండో వైపు తిప్పారు.

"మూలప్రమాణమును వాడినచో అరిగిపోవును. కావున ఆ హస్తముతో వండుట, కడుగుట, తరుగుట, గోకుట నిషేధము."

"గోకుట అంటే?" అంది వరహాలమ్మ.

"గోక్కోకూడదంట అత్తా."

"మరి ఎడం సెయ్యో?"

వీరాసామి గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. "ఎడమచేయి సామాన్య పౌరహస్తము. దానిని మీ ఇష్టానుసారము వాడుకొనవచ్చును."

మర్నాడే ఆవిడను శాఖ భవనంలో అద్దాల గదికి తీసుకెళ్లారు. గదిలో ఎప్పుడూ ఒకే చల్లదనం. కుడిచేతికి పట్టు తొడుగు తొడిగి, ముఖమల్ దిండు మీద పెట్టించారు. ఇద్దరు కాపలా. జీతంలో లోటు లేదు, మర్యాదలో అసలే లేదు. వచ్చినవాళ్లు ముందు చేతికి నమస్కారం పెట్టి తర్వాత ముఖం వైపు చూసేవారు. అన్నం మాత్రం ఎడంచేత్తో స్పూనుతో తినమన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఎడంచెయ్యి ముద్దకు తగలనివ్వని మనిషి. మొదటి రోజు పళ్లెం అలాగే వెనక్కి పోయింది. రెండో రోజు ఆకలికి ఆగలేక కళ్లు మూసుకుని తినేసింది.

మెస్సులో శాఖవారి వంటవాణ్ణి పెట్టారు. అతనికి అరవై ఒక్క గ్రాములు పట్టే ఇత్తడి గిన్నె ఇచ్చారు, అడుగున శాఖ ముద్ర కూడా ఉంది. అరవై మంది తిన్నా అదే గిన్నె, సగం మంది రాత్రి డ్యూటీకి పోయిన రోజూ అదే గిన్నె. లేత గోంగూరకూ అదే, ముదురు గోంగూరకూ అదే. పైడిరాజు ఆదివారం ఆదివారం అద్దానికి అటువైపు నిలబడి కబుర్లు చెప్పేవాడు.

"మెస్సెలగున్నాదిరా?"

"కొలత సాలా బాగున్నాదత్తా."

"మరి పప్పు?"

"పప్పు గురించి అడక్కు."

శాఖకు ఉత్సాహం వచ్చేసింది. గుప్పెడు దొరికితే చిటికెడు ఎందుకు దొరకదు అన్నారు. ఊరంతా గాలించి ఒక బిర్యానీ వంటాయన చిటికెడు పట్టుకొచ్చారు. ఎసట్లో వేలు ముంచి నీళ్లు కొలిచే ఒక ముసలాయన వేలి కణుపును గుర్తించారు. కళ్లతో చూసి నూనె కాగిందో లేదో చెప్పే ఒకామె కుడికన్నును ప్రకటించారు. ఆమె ఎడంకన్ను మాత్రమే తెరవాలి. నెల గడిచేసరికి నగరంలో బాగా వండగలిగిన పదకొండు మంది అద్దాల గదుల్లో కూర్చున్నారు. ఆ భవనంలో ఒక్క పొయ్యి లేదు, ఆ నగరంలో ఒక్క వంటా నోట పెట్టేలా లేదు. ఇంటి రుచుల సంవత్సరం ఘనంగా సాగుతోందని పత్రికల్లో రాశారు.

నలభై ఒకటో రోజున ప్రమాణాన్ని పరీక్షించాలని నిబంధన. శాఖలోని పద్నాలుగు మందీ వచ్చి నిలబడ్డారు. పట్టు తొడుగు తీశారు. వరహాలమ్మ ఉప్పు తీసి తూకం మీద పోసింది.

యాభై ఆరు.

మళ్లీ పోసింది. యాభై ఆరు. మూడోసారి వేళ్లు బాగా చాచి తీసి పోసింది. అయినా యాభై ఆరే.

సమావేశం నాలుగు గంటలు నడిచింది. వీరాసామి గారు బయటికొచ్చి తీర్మానం చదివారు. "మూలప్రమాణము తప్పుటకు వీలులేదు. తప్పినచో అది ప్రమాణమే కాదు. కావున తప్పినది గ్రాము. నగరమందలి తూకములన్నియు దిద్దవలెను."

తెల్లారేసరికి నగరంలో ప్రతి వస్తువూ దాదాపు పదో వంతు బరువెక్కింది. లిఫ్టుల్లో పదిమందికి బదులు తొమ్మిది మందినే ఎక్కించారు. కుస్తీ పోటీల్లో ఒక బక్క పహిల్వాన్ను ఏనుగులాంటి వాడి మీదికి తోశారు. రేవులో బరువెక్కిపోయిందని ఒక ఓడను కదలనివ్వలేదు. బంగారం కొట్లో అమ్మేవాడు కొత్త తూకంతోనూ కొనేవాడు పాత తూకంతోనూ మాట్లాడి జుట్లు పట్టుకున్నారు. ఆస్పత్రిలో తక్కువ బరువుతో పుట్టిన పిల్లలంతా ఒక్క రోజులో పుష్టిగా తయారయ్యారు. ఇది రుచి ప్రమాణాల శాఖ సాధించిన విజయమని ఆరోగ్య శాఖ అభినందన పంపింది.

వరహాలమ్మకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రం పైడిరాజు వచ్చేసరికి తొడుగు తీసేసి, అరచెయ్యి ఒళ్లో పెట్టుకుని చూస్తోంది. పన్నెండేళ్లప్పుడు పెళ్లి వంటల్లో తల్లి పక్కన నిలబడి మొదటిసారి ఉప్పు వేసిన చెయ్యి అది. ఆ తర్వాత ఒక్కరోజు కూడా అది ఆవిడను అడిగి ఉప్పు తీయలేదు.

"నా సెయ్యి నన్ను మర్సిపోనాదిరా" అంది.

"ఊరుకో అత్తా, అయిదు గ్రాములకేటి."

"గ్రాముల గొడవ కాదురా. డబ్బాలో సెయ్యి ఎట్టినప్పుడు, ఎంతనని దాన్ని నాను అడిగాను. ఎప్పుడూ అడగనేదు. మెస్సు పోతే ఇంకో ఊళ్లో వండుకుంటాను. ఇది పోతే నానెవుర్ని?"

పైడిరాజు కాపలావాణ్ణి బతిమాలి తలుపు తీయించుకుని లోపలికి వెళ్లాడు. గది చల్లగా ఉంది, భుజాలు రుద్దుకున్నాడు. రుద్దుకుంటూ ఆగాడు.

"అత్తా, ఆ రోజు తూసినప్పుడు నువ్వేటి సేస్తున్నావు?"

"ఏటి సేస్తాను. ఉల్లిపాయలు మాడిపోతాయని సూస్తన్నాను. మీరేమో పళ్లేలు వాయించి సంపేస్తన్నారు."

"మరి ఇయ్యాల?"

"ఈ సలిపెట్టెలో కూకున్నాను."

"ఇనుమే సలికి ముడుసుకుంటాదత్తా. అందుకే మేం వేడి సూసి మరీ కొలుస్తాం. మరి సెయ్యి ముడుసుకోదేటి?"

వరహాలమ్మ వేళ్లు ఒకసారి ముడిచి విప్పింది. కాపలావాణ్ణి పిలిచి, శాఖాధిపతితో మాట్లాడాలని చెప్పమంది.

మర్నాడు పద్నాలుగు మంది ముందు నిలబడి, వీరాసామి గారు అందుకునేలా ఒక్కో మాటా ఆపి చెప్పింది. "మీ పొడుగు కడ్డీ ఉన్నాది కదా. అది ఎంత వేడిలో నికరంగా ఉంటాదో మీరు రాసుకున్నారంట. నా సెయ్యి ఎక్కడ నికరంగా ఉంటాదో రాసుకున్నారేటి?"

పద్నాలుగు మందీ కాగితాలు తిరగేశారు. రాసుకోలేదు. ఆ శాఖలో కాగితం మీద ఒక గడి పూరించకుండా వదిలేయడం కంటే పెద్ద నేరం లేదు. శాఖాధిపతి చెమట తుడుచుకున్నాడు.

"ఆ హస్తము ఏయే స్థితులయందు సత్యముగా నుండునో సెలవిండు" అన్నారు వీరాసామి గారు, కలం పట్టుకుని.

"పొయ్యి ముందు ఉండాల. ఆకు కడిగిన తడి ఆరకూడదు. మూకుట్లో ఏదో ఒకటి మాడబోతుండాల. అరవై మంది ఆకలి మీదుండాల."

"ఆకలి ఎన్ని డిగ్రీలు?"

"పన్నెండున్నర."

రాసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే అందరూ మెస్సుకు వెళ్లారు. ఇత్తడి గిన్నె వంటవాణ్ణి పక్కకు జరిపారు. అరవై మందికీ సంగతి తెలుసు. అత్త చెయ్యి తప్పితే మళ్లీ అద్దాల గదే. అందుకని ఒక్కడూ కదల్లేదు, పెళ్లిచూపుల్లో లాగా కూర్చున్నారు. వరహాలమ్మ ఉప్పు డబ్బా ముందు నిలబడింది. చెయ్యి లోపలికి పోలేదు. వేళ్లు ఆవిడను అడుగుతున్నాయి, ఎంత, ఎంత అని.

వెనక నుంచి పైడిరాజు పళ్లెం మీద ఒక్క దెబ్బ వేశాడు. "వడ్డిస్తావా, మమ్మల్ని క్యాంటీన్కి పొమ్మంటావా?"

అరవై పళ్లేలూ ఒక్కసారి మోగాయి. అదే సమయానికి మూకుట్లోంచి మాడు వాసన వచ్చింది.

"ఒరే, ఆ మంట తగ్గించండిరా, మీ నోళ్లు పడిపోను" అని వరహాలమ్మ అటు తిరిగింది. తిరుగుతూనే ఉప్పు తీసి తూకం మీద కొట్టింది.

అరవై ఒకటి.

శాఖాధిపతి కుర్చీ కోసం చూడకుండా నేల మీదే కూర్చున్నాడు. ఆ సాయంత్రం గ్రామును మళ్లీ యథాస్థానానికి తెచ్చారు. నగరమంతా రాత్రికి రాత్రే చిక్కింది. ఓడ కదిలింది. బక్క పహిల్వాన్ను ఆస్పత్రి నుంచి పంపించారు.

వారం రోజుల్లో కొత్త ఉత్తర్వు వచ్చింది. మూలప్రమాణాన్ని అది సత్యంగా ఉండే స్థితుల్లోనే భద్రపరచాలి కనుక, మెస్సు వంటిల్లు 'మూలప్రమాణ పరిరక్షణాలయం' అయింది. ప్రతి మధ్యాహ్నం పొయ్యి వెలిగించి తీరాలి. అద్దాల గదుల్లోని మిగతా పది మందినీ అదే తర్కంతో వాళ్ల వాళ్ల వంటిళ్లకు పంపేశారు. అరవై మంది పనివాళ్లనూ 'ప్రామాణిక క్షుత్తు' అనే హోదాలో నమోదు చేసి, ఫొటోతో కార్డులిచ్చారు. పన్నెండున్నరకు వాళ్లు తప్పనిసరిగా ఆకలితో హాజరు కావాలి. ఒక శుక్రవారం పైడిరాజు స్నేహితుడి పెళ్లిలో కడుపునిండా తిని వచ్చాడు. విధి నిర్వహణలో ఆకలి లోపించినందుకు ఎందుకు చర్య తీసుకోకూడదో మూడు రోజుల్లో తెలపాలని అతనికి నోటీసు వచ్చింది.

"ఏటి రాయమంటావత్తా జవాబు?"

"మళ్లీ ఆకలేస్తన్నాదని రాయి."

పరీక్ష రోజూ జరగాలి కనుక శాఖ రోజూ వచ్చేది. మొదట శాఖాధిపతి, వీరాసామి గారు వచ్చేవారు. తర్వాత పద్నాలుగు మందీ రావడం మొదలుపెట్టారు, సరిగ్గా పన్నెండున్నరకు, ఎవరి పళ్లెం వాళ్లు తెచ్చుకుని. వీరాసామి గారికి పప్పులో నెయ్యి పడితే చాలు, వ్యాకరణం కాస్త సడలేది. "అమ్మా, ఇంకొంచెం ఎయ్యండి" అని ఒకరోజు అనేసి, తన మాటకు తానే బిత్తరపోయారు.

ఒకరోజు వరహాలమ్మ గుప్పెడు వేసి, గరిటెతో పప్పు కలిపి, అరచేతిలో కాస్త వేసుకుని నాకింది. ఒక్క క్షణం ఆలోచించి, డబ్బాలోంచి మళ్లీ ఇంకాస్త ఉప్పు తీసి చల్లింది. శాఖాధిపతి అప్పుడే పళ్లెం పట్టుకుని వరుసలో ముందుకొచ్చాడు. ఆగిపోయాడు. ఇన్ని రోజుల్లో ఆవిడ రెండోసారి ఉప్పు వేయడం ఆయన చూడనే లేదు. రోజూ వేస్తున్నదే. చంకలోని కాగితాల కట్ట తీశాడు.

"మొదటిది అరవై యొక్కటి. ఆ రెండవది ఎంత అని అయ్యవారు అడుగుచున్నారు" అన్నారు వీరాసామి గారు.

వరహాలమ్మ ఆయన పళ్లెంలో వేడి అన్నం పెట్టి, మధ్యలో గుంట చేసి, గోంగూర పప్పు పోసింది.

"తిని సెప్పమను" అంది.

వీరాసామి గారు తెలుగు నుంచి అవతలి భాషలోకి మాట వెతుక్కుంటున్నారు. శాఖాధిపతి ఆయన కోసం ఆగలేదు. కాగితాలు బల్ల మీద పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచి, కుడిచేత్తో అన్నం కలిపాడు. రెండో ఉప్పు ఎంతో రాయవలసిన గడి ఆ పూట ఖాళీగా ఉండిపోయింది. మర్నాడూ పూరించలేదు. ఇప్పటికీ ఖాళీగానే ఉందట.

సాలాపు ఆదెమ్మ,
అరవై ఎనిమిదేళ్లు,
ఇప్పుడు ఉంటున్నది బొబ్బిలిలో, చిన్న చెల్లెలి ఇంటి మేడ మీద.